పట్టు ఇసుకది

డార్జిలింగ్ కొండ రైలు కదిలితే కెమెరాలన్నీ పొగగొట్టం వైపు తిరుగుతాయి. నేను మాత్రం ఇంజిను ముందు, బఫరు పక్కన కూర్చున్న ఇద్దరినే చూస్తూ ఉండిపోయాను. చేత్తో పట్టాల మీద ఇసుక వెయ్యడం వాళ్ల ఉద్యోగం.

ఆ ఇంజిన్లది బి క్లాస్. విక్టోరియా రాణి ఏలుబడిలో, 1889లో గ్లాస్గోలోని షార్ప్ స్టూవర్ట్ కంపెనీ మొదలుపెట్టిన నమూనా. చిన్న చిన్న మార్పులతో 1920ల దాకా అలాంటివి 34 తయారయ్యాయి. రెండడుగుల వెడల్పు దారి, 26 అంగుళాల చక్రాలు నాలుగు. విడిగా టెండరు లేదు. నీళ్లూ బొగ్గూ ఇంజినే మోస్తుంది. అందులో కిటుకుంది: బరువంతా తిరిగే చక్రాల మీదే పడి పట్టు పెరుగుతుంది. నీళ్లు ఆవిరై, బొగ్గు కాలేకొద్దీ ఆ పట్టూ తగ్గుతుంది.

సిలిగురి దగ్గర సుమారు 120 మీటర్ల ఎత్తున్న దారి ఘూమ్ స్టేషను చేరేసరికి 2,258 మీటర్లవుతుంది. నీలగిరి రైలుకున్నట్టు ఎక్కుడులో ఊతానికి పళ్ల పట్టా లేదు. పైగా పొగమంచు, చినుకు. తడిసిన ఇనుము మీద ఇనుము జారుతుంది. బాయిలర్లో ఎంత ఆవిరి ఉంటే ఏం, చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంటే?

అక్కడే చెయ్యి పనికొస్తుంది. ఇసుక చాలకపోతే చక్రం జారుతుంది, ఎక్కువైతే వెనక పెట్టెలు బరువుగా ఈడుస్తాయి. జారడం మొదలయ్యాక గుప్పెడు కుమ్మరిస్తే ప్రమాదం: జోరుగా తిరిగే చక్రం ఒక్కసారిగా పట్టుకుంటే దాన్ని తిప్పే రాడ్ల మీద దెబ్బ పడుతుంది. అందుకే డ్రైవరు ముందు ఆవిరి కట్టేయాలి. అసలు నేర్పల్లా జారకముందే వెయ్యడంలో ఉంది. మలుపు చూసి, తడి చూసి, ఇంజిను ఊపిరి విని వేలి సందులు బిగించడం, వదలడం. లోపల ఫైర్‌మన్, పైన పెద్ద బొగ్గు గడ్డలు పగలగొట్టే మనిషి కూడా ఇలాంటి లెక్కలోనే బతుకుతారు.

1999లో యునెస్కో ఈ రైలును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు పొడవైన ప్రయాణాలు డీజిలువి. ఆవిరి ఇంజిన్లు ఎక్కువగా పర్యాటకులను డార్జిలింగ్, ఘూమ్ మధ్య తిప్పుతున్నాయి. ఇంజినును మ్యూజియంలో నిలబెట్టినా చెడదు. ఇసుక వేసే కొలత మాత్రం కొండెక్కుతున్న బండి మీదే ఒకరి నుంచి మరొకరికి అందాలి. వారసత్వ పరిరక్షణ ఖర్చు రాసేవాళ్లు ఇసుక వేసే ఆ ఇద్దరి జీతాలను మొదటి వరసలో రాయాలని నా కోరిక.