నిమిషానికి 650 చుట్లు

నాయుడుపేట చుట్టుపక్కల, స్వర్ణముఖి ఒడ్డు పల్లెల్లో, మోటారు షెడ్డు మూలనో గొడ్లచావిడి వెనకనో గోతాలు కప్పిన ఆయిల్ ఇంజను ఇప్పటికీ కనబడుతుంది. 2004లో సేద్యానికి ఉచిత కరెంటు వచ్చాక దాని పని చాలావరకు పోయింది. పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి కిలోల లెక్కన బేరం పెడుతుంటారు. ఇచ్చేయొద్దని చెప్పడానికే ఈ వారం ఇది రాస్తున్నాను. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు కరెంటు పోయినప్పుడు మా వైపు కొన్ని పొలాల్లో నారుమళ్ల మీద నిలిచిన నీళ్లను బయటికి తోడింది ఈ ఇంజన్లే. పైరుకు నీళ్లు పెట్టడానికి కొన్నవి, పైరు మీది నీళ్లు తీయడానికి అక్కరకొచ్చాయి.

పాతవన్నీ గట్టివి, కొత్తవన్నీ డొల్ల అనే వాదం నాది కాదు. ఈ ఇంజను మన్నడానికి ఒక లెక్క ఉంది. ఇంగ్లండులోని డర్స్లీ అనే ఊళ్లో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో ఒక సింగిల్ సిలిండర్ ఇంజను తెచ్చింది. మొదట నిమిషానికి 600 చుట్లతో 5 హెచ్‌పీ, తర్వాత 650 చుట్లతో 6 హెచ్‌పీ. మన పల్లెల్లో రెండు పెద్ద చక్రాలతో డగ్ డగ్‌మని తిరిగిన స్లో స్పీడ్ ఇంజన్లలో చాలా వాటికి మూలం అదే. గుజరాత్‌లోని రాజ్‌కోట్ ఫౌండ్రీలు ఆ నమూనాను దశాబ్దాలపాటు పోతపోసి దేశమంతా పంపాయి. దాని బోరు నాలుగున్నర అంగుళాలు, స్ట్రోకు ఐదున్నర. అంటే 1,400 సీసీకి పైమాటే. ఈ కాలపు కారు ఇంజను 1,200 సీసీలోంచి 80 హెచ్‌పీ దాకా పిండుతుంటే, ఇది అంతకన్నా పెద్ద సిలిండరు పెట్టుకుని ఆరే ఇస్తుంది. రెండెద్దుల బండికి రెండు బస్తాలే ఎత్తినట్టు.

చుట్ల లెక్క కూడా వేసి చూడండి. గంటకు 39,000 చుట్లు, పిస్టన్ సెకనుకు సుమారు 3 మీటర్లు నడుస్తుంది. దీని తర్వాత బాగా వాడుకలోకి వచ్చిన కిర్లోస్కర్ ఏవీ-1 ఇంజను 5 హెచ్‌పీది. బోరు 80 మిల్లీమీటర్లు, స్ట్రోకు 110, నిమిషానికి 1,500 చుట్లు. పిస్టన్ నడక సెకనుకు ఐదున్నర మీటర్లు. అది తేలిక, చోటు తక్కువ, ఇద్దరు ముగ్గురు కలిస్తే బండికెత్తొచ్చు. మంచి ఇంజనే. కానీ ఒక్క గంటలో దాని రింగులు లైనరు మీద రాసుకునే దూరం స్లో స్పీడ్ ఇంజనుతో పోలిస్తే రెట్టింపుకు కాస్త తక్కువ. అరుగుదల తేడా అంతా అక్కడి నుంచే మొదలు.

ఈ స్లో స్పీడ్ ఇంజనులో బ్యాటరీ లేదు, ప్లగ్గు లేదు, వైరు ముక్క లేదు. సిలిండర్లో గాలిని పదహారో వంతుకు నొక్కితే ఐదారు వందల డిగ్రీలకు వేడెక్కుతుంది. అందులోకి చిమ్మిన డీజిలు తనంతట తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించింది ఇదే. అందుకే స్టార్టు చేయడానికి మనిషి చెయ్యి చాలు. ముందు డీజిలు పంపు లివరును చేత్తో నొక్కి నాజిల్ దగ్గర చెవి పెట్టాలి. క్రిక్‌మని చప్పుడొస్తే డీజిలు అందింది, లైన్లో గాలి లేదు. డీకంప్రెషన్ లివరు ఎత్తి హ్యాండిల్ తిప్పి, చక్రాలు ఊపందుకున్నాక లివరు వదిలేయాలి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి, చుట్టి పట్టుకోకూడదు. ఇంజను ఎదురు తన్నితే బొటనవేలు విరుగుతుంది. పిల్లలకు నేర్పేటప్పుడు మొట్టమొదట చెప్పాల్సింది ఇదే.

మా పక్క ఊళ్లో ఒక పెద్దాయన జీవితమంతా ఈ ఇంజన్లే బాగుచేశాడు. ఆయన స్పానర్ పట్టేముందు సైలెన్సర్ వైపు చూసేవాడు. నీలిపొగ వస్తే రింగులు అరిగి ఆయిలు కాలుతున్నట్టు. తెల్లపొగ అయితే కంప్రెషన్ తగ్గి డీజిలు కాలకుండా పోతున్నట్టు, లేదా ఎక్కడో నీళ్లు కలుస్తున్నట్టు. నల్లపొగ చూడగానే అందరూ నాజిల్ మీద పడతారు. ఆయన మాత్రం, "నాజిల్ మీద పడబాక నాయనా, ముందు గాలి ఫిల్టరు ఇప్పి చూడు" అనేవాడు. ఇప్పితే వరిగడ్డి నలుసులు, దుమ్ము అట్టకట్టి ఉండేవి. అది కడిగాక కూడా పొగ ఆగకపోతేనే నాజిల్ దించేవాడు. పైపుకు బిగించి గాలిలోకి కొట్టిస్తే సన్నటి మంచులా రావాలి, చుక్క కారకూడదు. ఆ ముక్కు ముందు ఎవరినీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోంచి దూసుకుపోతుంది.

డీజిలు పంపులోని ప్లంజరుకు, దాని బ్యారెల్‌కు మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. మన వెంట్రుకే దాదాపు 70 మైక్రాన్లు. ఆ జత ఒకదానికొకటి అరగదీసి కుదిర్చినది, ఒక ఇంజనుది తీసి మరోదానికి వేయకూడదు. మోటు ఇంజను అంటాం గానీ, దాని గుండెలో అంత నాజూకు ఉంది. క్యానులో తెచ్చిన డీజిలును గుడ్డలో వడకట్టి పోయడం, ట్యాంకు అడుగున చేరిన నీళ్లను అప్పుడప్పుడు వదిలేయడం, ఈ రెండు పనులు చేసేవాళ్ల పంపులు ఏళ్ల తరబడి నడిచాయి.

నీళ్ల సంగతిలో చాలామందికి ఒక భ్రమ ఉండేది, ఇంజను ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని. బావిలోంచి పంపు ఎత్తే నీళ్లలోనే కొంత సన్న పైపుతో జాకెట్‌లోకి ఇచ్చి, అట్నుంచి కాలవలోకి వదిలేవాళ్లు. కుళాయి పూర్తిగా తెరిస్తే బయటికొచ్చే నీళ్లు చల్లగానే ఉంటాయి. చూడటానికి బాగుంటుంది గానీ లైనరు గోడ వేడెక్కదు, డీజిలు సగం సగం కాలుతుంది, ఆ రోజుల డీజిలులోని గంధకం గోడ మీద తేమతో కలిసి ఆమ్లమై ఇనుమును తినేది. అలా చల్లగా నడిపిన ఇంజన్లే ముందుగా రీబోరుకు వచ్చేవని ఆ పెద్దాయన చెప్పేవాడు. కుళాయిని తగ్గించి, బయటికొచ్చే ధార కింద చెయ్యి ఒక్క క్షణం ఉంచగలిగి, ఆపైన ఉంచలేనంత వేడి రావాలి. పెట్రోలియం కన్జర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ వాళ్లు డీజిలు ఆదా కోసం మంచి ఫుట్‌వాల్వులు వేసుకోమని రైతులకు ప్రచారం చేశారు. అది సరైన మాట. నీటి వేడి గురించి కూడా అంత గట్టిగా ఊరూరా చెప్పి ఉంటే ఎన్నో లైనర్లు మిగిలేవి.

లోపాలు లేవని కాదు. చాలా నాసి పోతల్లో క్రాంకుకేసు గోడలకు అచ్చు ఇసుక అలాగే అంటుకుని వచ్చేది. ఇందులో ఆయిలును పంపు తిప్పదు. కనెక్టింగ్ రాడ్డు కింది తెడ్డు ఆయిల్లో మునిగి చిమ్ముతుంది. ఇసుక రాలితే అదే ఆయిలుతో బేరింగులకు చేరుతుంది. అందుకని తెలిసినవాళ్లు కొత్త ఇంజను తేగానే మొత్తం విప్పి, గీకి, కడిగి, మళ్లీ బిగించేవాళ్లు. బెల్టుకు అడ్డు ఉండదు, పంచె కొసనో చీరకొంగునో లాగేస్తుంది. దానికి రేకుతో తడిక కట్టకుండా నడపడం నేను ఒప్పుకోను. పొగ, చప్పుడు సరేసరి. ఈనాటి డీజిలు ధరకు రోజూ దీనితో మడి తడపమని ఎవరికీ చెప్పను.

కానీ షెడ్డులో ఉన్నదాన్ని ఉంచుకోండి. తుపాన్లు మనకు అక్టోబరు నుంచే మొదలవుతాయి, ఈలోగా గోతాలు తీసి చూడండి. సైలెన్సర్ నోటికి డబ్బా బోర్లించండి, లేకపోతే వాననీరు వాల్వులోంచి సిలిండర్లోకి దిగుతుంది. పాత ఆయిలు వదిలేసి కొత్తది పోసి నెలకోసారి పావుగంట నడపండి. పిస్టన్ పట్టేసి ఉంటే సుత్తి తీసుకోవద్దు. నాజిల్ విప్పి ఆ రంధ్రంలోంచి డీజిలు, కిరోసిను కలిపి పోసి నాలుగు రోజులు వదిలేయండి. ఆ తర్వాత చక్రాన్ని ఇటు కాస్త, అటు కాస్త ఊపుతూ రండి. రింగులు, గాస్కెట్లు, నాజిళ్లు ఇంకా దొరుకుతున్నాయి. కొట్టుకు వెళ్లేటప్పుడు పాత ముక్కను వెంట తీసుకెళ్లండి.