ఒంటరి సైకిల్ యాత్ర - థామస్ స్టీవెన్స్ కథనం: ఒక పరిశీలన

యాత్రాసాహిత్య విమర్శలో ‘ఒంటరి యాత్రికుడు’ అనే మాట తరచు ప్రశంసగానే వినిపిస్తుంది. థామస్ స్టీవెన్స్ రచించిన ‘అరౌండ్ ద వరల్డ్ ఆన్ ఎ బైసికిల్’ (1887, 1888) ఆ మాటను తిరిగి పరిశీలించమంటుంది. 1884 ఏప్రిల్ 22న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన స్టీవెన్స్ ఆగస్టు 4న బోస్టన్ చేరాడు. సైకిల్‌పై అమెరికాను అడ్డంగా దాటిన తొలి వ్యక్తి అతడే. ఎత్తయిన ముందుచక్రం గల ఆ వాహనంతో సాగిన దూరం సుమారు 3,700 మైళ్లు. అందులో మూడోవంతుకు పైగా నడకే. సైకిల్ అతణ్ణి మోసినంత కాకపోయినా, అతడూ సైకిల్‌ను బాగానే మోశాడు!

సియెర్రా నెవాడా కొండల్లో మంచు పడకుండా రైలుపట్టాలపై కట్టిన షెడ్లే అతనికి దారి అయ్యాయి. నెవాడా ఎడారిలో పట్టాలను మరమ్మతు చేసే కూలీల బసల్లో అతనికి తిండీ నీడా దొరికాయి. రచయిత ఈ ఆతిథ్యాన్ని దాచలేదు. అయితే అన్నం పెట్టినవారు కథనంలో వినోదకర సన్నివేశాలుగా మిగిలారే తప్ప, వ్యక్తులుగా ఎదగలేదు. 1886లో లాహోరు నుండి కలకత్తా వరకు గ్రాండ్ ట్రంక్ రోడ్డుపై సాగిన భాగంలో ఈ లోపం మరింత స్పష్టం. అక్కడ ఆంగ్లేయుల కంటోన్మెంట్లు ఇల్లుగానూ, దారి పక్కని జనం దృశ్యంగానూ కనిపిస్తారు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 నాటి కాశీయాత్ర ఇందుకు భిన్నం. పెద్ద పరివారంతో, పల్లకీలో సాగిన ఆ యాత్రలో ఒంటరితనం ఊసే లేదు. కానీ ‘కాశీయాత్ర చరిత్ర’లో మజిలీలు, బోయీలు, సరుకుల లభ్యత పుటపుటనా లెక్కకు వస్తాయి. మోసినవారి భుజాలు అక్కడ కనిపిస్తాయి. స్టీవెన్స్ గ్రంథంలో చక్రమే ఎక్కువగా కనిపిస్తుంది.