కలివి కోడి: పట్టిక చెప్పేది, చెప్పనిది

భిక్నూరు ప్రాంతంలో ఒక పాఠశాల విద్యార్థిని "అలుగు అంటే ఏమిటి?" అని అడిగితే, చెరువు నిండినప్పుడు నీరు పొర్లిపోయే చోటును చూపవచ్చును. అదే పేరుగల జంతువు ఒకటి ఉన్నదని, దాని ఒళ్ళంతా పొలుసులు కప్పి ఉంటాయని, చీమలనూ చెదలనూ తిని బ్రతుకుతుందని ఎందరికి తెలుసు? అది తెలంగాణ అడవులలో ఈనాటికీ ఉన్న ప్రాణియే. కాని పులిని గురించీ ఏనుగును గురించీ వ్రాసినంతగా అలుగును గురించి ఎవరూ వ్రాయరు. చూడడానికి సొగసుగానో భయంకరంగానో లేని జంతువుకు పత్రికలలో చోటు దొరకదు. పత్రికలలో చోటు లేనిదానికి నిధులలోనూ చోటు తక్కువే.

ఈ పక్షపాతాన్ని సరిదిద్దడానికి లండన్ జంతుశాస్త్ర సంఘం 2007లో ఒక ప్రయత్నం ప్రారంభించింది. దానికి 'ఎడ్జ్' అని పేరు. ప్రతి జాతిని గురించీ అది రెండే ప్రశ్నలు వేస్తుంది. జీవవృక్షంలో ఈ జాతి ఎంత ఒంటరిది? ఇది నశించే ప్రమాదం ఎంత? ఈ రెండింటినీ కలిపి ఒక అంకె కట్టి, ఆ అంకెల వరుసలో జాతుల పట్టిక తయారుచేస్తారు. మొదట క్షీరదాలకు, తరువాత ఉభయచరాలకు, 2014లో పక్షులకు ఇటువంటి పట్టికలు వెలువడ్డాయి.

లెక్క కష్టమైనది కాదు. ఒక జాతి 20 మిలియన్ సంవత్సరాలుగా తన కొమ్మపై ఒంటరిగా ఉన్నదనుకుందాం. ఆ 20 మిలియన్ సంవత్సరాల చరిత్రకూ అదొక్కటే వారసురాలు. మరొకచోట రెండు జాతులు 15 మిలియన్ సంవత్సరాలు ఒకే కొమ్మగా సాగి, చివరి 5 మిలియన్ సంవత్సరాలలో విడిపోయినవనుకుందాం. ఉమ్మడి భాగాన్ని చెరి సగం పంచితే ఒక్కొక్కదానికి ఏడున్నర. సొంత భాగం 5 కలిపితే పన్నెండున్నర. తండ్రి ఆస్తిని అన్నదమ్ములు పంచుకున్నట్లే ఇదీను. ఇక ప్రమాదం సంగతి. ముప్పు ఒక్కొక్క మెట్టు పెరిగినప్పుడు విలువను రెండింతలు చేస్తారు. నాలుగు మెట్లు దాటి 'తీవ్ర ప్రమాదస్థితి'లో ఉన్న జాతికి అది 16 రెట్లవుతుంది.

అలుగు ఈ లెక్కకు చక్కని ఉదాహరణ. పొలుసులను చూసి అది బల్లి జాతిదని భ్రమపడతారు. కాని అది పిల్లలకు పాలిచ్చే క్షీరదం. మన గోళ్ళలో ఉండే కెరాటిన్ అనే పదార్థమే దాని పొలుసులలోనూ ఉన్నది. ప్రపంచం మొత్తంమీద ఆసియాలో నాలుగు, ఆఫ్రికాలో నాలుగు అలుగు జాతులను శాస్త్రజ్ఞులు చాలాకాలంగా గుర్తిస్తున్నారు. వాటికి ఉన్నవారిలో దగ్గరి బంధువులు పిల్లి, కుక్క మొదలైన మాంసాహారులు. ఆ బంధుత్వమైనా బహుప్రాచీనమైనది. ఎలుకలలో ఒక జాతి పోతే దాని అన్నదమ్ములు చాలామంది మిగులుతారు. అలుగులు పోతే జీవవృక్షంలో ఒక పెద్ద కొమ్మే విరిగిపోతుంది.

ఈ పద్ధతిలో మెచ్చుకొనదగిన గుణం దాని నిష్పాక్షికత. అది అందాన్ని అడగదు, పేరుప్రతిష్ఠలను అడగదు. లోపాలను దిద్దుకొనే గుణమూ దీనికి ఉన్నది. ఒక జాతి బంధువులు కూడా ప్రమాదంలో ఉంటే దాని విలువ ఇంకా పెరగాలి కదా అన్న సంగతిని 2023లో సవరించిన పద్ధతిలో చేర్చారు. ఐతే దీనికి ఒక హద్దు ఉన్నది. ఏ ప్రాణిని ముందు చూడాలో పట్టిక చెబుతుంది. దానిని ఎలా కాపాడాలో చెప్పదు. ఆ రెండవ పని ఎంత కష్టమైనదో, దానిని చేసేవారు ఎవరో తెలుసుకోవడానికి తెలుగు నేలమీదనే ఒక నిదర్శనం ఉన్నది. అది కలివి కోడి కథ.

ఆంగ్లంలో దీనిని జెర్డాన్స్ కోర్సర్ అంటారు. రాత్రివేళ నేలమీద తిరిగే చిన్న పక్షి ఇది. రొమ్ముమీద రెండు పట్టీలు ఉంటాయి. 1848లో మద్రాసు సైన్యపు వైద్యుడు జెర్డాన్ దీనిని సేకరించగా, బ్లైత్ శాస్త్రనామం పెట్టాడు. దీని ప్రజాతిలోని తక్కిన జాతులు ఆఫ్రికాలో ఉన్నాయి. ఆసియాలో ఇది ఒక్కటే. 19వ శతాబ్దంలో కడప, నెల్లూరు ప్రాంతాలలోనే కాక, గోదావరి లోయలో భద్రాచలం, సిరొంచ వద్ద కూడా కనిపించింది. 1900లో అనంతపురం సమీపంలో చూసిన తరువాత దీని జాడ తెలియలేదు. నశించిపోయినదనే చాలామంది అనుకున్నారు.

1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో ఇది మళ్ళీ దొరికింది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ ఆ పరిశోధనకు పూనుకున్నారు. కాని పక్షిని రాత్రివేళ చేత పట్టుకున్నవాడు ఐతన్న అనే స్థానికుడు. శాస్త్రలోకం 86 ఏండ్లు వెదకి కనుగొనలేని పక్షికి ఆ పల్లెలలో 'కలివి కోడి' అనే పేరు ఉన్నది. కలివి తుప్పలలో తిరిగేది కనుక ఆ పేరు వచ్చింది. అంటే దాని ఉనికినీ నివాసాన్నీ ఆ పేరే చెబుతున్నది. ఈ పక్షి 'పునరావిష్కరణ' అని వ్రాసే వ్యాసాలలో ఐతన్నకు ఒక వాక్యం మాత్రమే దక్కడం విచారించదగిన విషయం. మరుగున పడినవి ప్రాణులే కావు. వాటిని ఎరిగిన మనుషులు కూడాను.

ఆ పక్షిని చూడడమే అరుదైనప్పుడు దానిని లెక్కించడం ఎలా? 2000 తరువాతి సంవత్సరాలలో పి. జగన్నాథన్, ఆయన సహచరులు దీనికి చక్కని ఉపాయం చేశారు. తుప్పల మధ్య సన్నని మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారిన తరువాత వాటిమీద పడిన అడుగుజాడలను పరిశీలించారు. కెమెరాలు అమర్చి ఆ జాడలు ఏ పక్షివో సరిచూశారు. దాని కూతను రికార్డు చేసి, 2004లో ఆ వివరాలను ప్రకటించారు. నివాసాన్ని గురించి వారు కనుగొన్నది ఇంకా ముఖ్యమైనది. హెక్టారుకు రెండు మీటర్లకు మించిన పెద్ద తుప్పలు 300 నుండి 700 వరకు, చిన్న తుప్పలు 1000కి లోపుగా ఉన్న చోట్లనే ఈ పక్షి ఎక్కువగా ఉంటుందని వారు తేల్చారు.

ఈ అంకెలలో ఒక హెచ్చరిక ఉన్నది. తుప్పలను పూర్తిగా నరికితే పక్షి పోతుంది. తుప్పలు మరీ దట్టంగా అల్లుకుపోయినా దానికి తిరగడానికి చోటుండదు. మేకలు మేయడం, కట్టెలు కొట్టడం మితిమీరితే హాని. కాని కొద్దిపాటి మేత ఆ నేలను తెరపిగా ఉంచడానికి తోడ్పడనూవచ్చు. కనుక మనుషులను బయటికి పంపి కంచె వేసినంత మాత్రాన రక్షణ పూర్తికాదు. 'అడవి దట్టంగా ఉంటేనే మంచిది' అనే అభిప్రాయం తరగతి గదులలో కూడా ఉన్నది. కలివి కోడి విషయంలో అది చెల్లదు.

ఈ పరిశోధన విలువ 2005లో తేలింది. తెలుగుగంగ కాలువ త్రవ్వకం ఈ పక్షి తిరిగే నేలలోకి వచ్చింది. రాయలసీమ రైతుకు నీరు కావాలి. దానిని ఎవరూ కాదనలేరు. అంతకుముందే అడుగుజాడలు చూసి ఏయే చోట్ల పక్షి ఉన్నదో పరిశోధకులు గుర్తించి ఉన్నారు కనుక, ఆ ఆధారాలతో అధికారుల ముందు వాదించగలిగారు. చివరికి కాలువ దారి మార్చారు. నీరూ ఆగలేదు, పక్షి నేలా మిగిలింది. ఎడ్జ్ పక్షుల పట్టిక అప్పటికి పుట్టనే లేదు. పుట్టి ఉన్నా, ఈ పక్షి అమూల్యమైనదని మాత్రమే చెప్పగలిగేది. ఏ తుప్పలో ఉన్నదో చెప్పగలిగేది కాదు. ఆ పని మట్టి పట్టీలే చేశాయి.

ఐనా ఈ కథను విజయగాథగా ముగించడం తొందరపాటు. 2010 తరువాత పదేండ్లకు పైగా ఈ పక్షి ఉనికికి నిర్ధారితమైన ఆనవాలు దొరకలేదు. కాలువను తప్పించడం ఒక్కసారి చేసే పని. తుప్పలను లెక్కించడం, రాత్రులు కూత కోసం చెవియొగ్గడం ఏటేటా చేయవలసిన పని. మొదటి దానికి కీర్తి వస్తుంది. రెండవదానికి ఓపిక కావాలి, స్థిరమైన జీతం ఇచ్చేవారు కావాలి, ఆ నేలను ఎరిగిన పల్లె మనిషి కావాలి. మన దేశంలో కొరత ఉన్నది ఈ రెండవదానికే.

ఇందులో ఉపాధ్యాయులు చేయదగిన పని లేకపోలేదు. భిక్నూరు చుట్టూ ఉన్న గుట్టలనూ తుప్పలనూ 'బీడు' అనే ఒక్క మాటతో కొట్టివేయకుండా, ఒక్కొక్క విద్యార్థి చేత పది పేర్లు సేకరింపజేయవచ్చును. గొర్రెలు కాచేవారిని, ఇంట్లోని తాతలను అడిగితే పక్షులకూ పురుగులకూ పొదలకూ పుస్తకాలలో లేని పేర్లు దొరుకుతాయి. ప్రాణిని పట్టవద్దు, గూడు కదిలించవద్దు. పేరు, చోటు, కాలం వ్రాసుకుంటే చాలును. శాస్త్రం వెదికి అలసిన పక్షికి కలివి తుప్ప ఒక పేరు దాచి ఉంచింది. మరే తుప్ప మరే పేరును దాచి ఉంచిందో, ఆ పేరు తెలిసిన ముసలివారు ఉండగానే అడిగి తెలుసుకోవాలి.