బాగ్దాదులో హీరో - బందరులో సాయిబు

పాత జానపద సినిమాలు ఇప్పుడు చూడదగ్గవేనా అన్న చర్చ మన చుట్టూ తరచుగా నడుస్తూనే ఉంది. కుర్రాళ్లు అట్ట కోటల్ని, చెక్క కత్తుల్ని చూసి నవ్వుతారు. పెద్దవాళ్లు ఆ రోజులే వేరని నిట్టూరుస్తారు. ఆ నవ్వులోనూ ఆ నిట్టూర్పులోనూ మాకు వాటా ఉంది. కానీ మేం చెప్పాల్సిన మాట ఒకటి ఈ రెండింటి మధ్యా ఎవరికీ వినపడకుండా ఉండిపోయింది. ముస్లింలుగా మేం ఆ సినిమాల్ని చూసిన తీరు వేరు.

టూరింగ్ టాకీసులో ఆలీబాబా ఆడుతోందంటే మా గల్లీ అంతా కదిలేది. బురఖాల్లో మా అమ్మీలు, నానీలు, చంకలో పిల్లలు, మూటలో బొరుగులు. నేల టిక్కెట్టు. తెర మీద ఎన్టీరామారావు గుర్రం మీద వచ్చేవాడు. అతని పేరు ఆలీబాబా! హాలంతా ఈలలు. బడిలో హాజరు పిలిచేటప్పుడు మా పేర్లు పంతుళ్ల నోట్లో పడి వంకర్లు పోయేవి. పక్క బెంచీ వాళ్లు కిసుక్కున నవ్వేవాళ్లు. అట్లాంటి పేరుకి ఊరు ఊరంతా చప్పట్లు కొడుతుంటే మాకు ఎట్లా ఉండేదో వేరే చెప్పాలా? ఆ రెండున్నర గంటలూ మా పేరు మేం దాచుకోవాల్సిన పేరు కాదు.

మర్నాడు పొద్దున బజారుకెళితే మళ్లీ 'ఏరా సాయిబూ' అన్న పిలుపే.

ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరమే మా ప్రశ్న. 1968లో యోగానంద్ 'బాగ్దాద్ గజదొంగ' తీశాడు. 1970లో విఠలాచార్య 'ఆలీబాబా 40 దొంగలు' తీశాడు. రెండింటిలోనూ ఎన్టీఆర్ హీరో, జయలలిత హీరోయిన్. తెలుగు జనానికి దేవుడి వేషంలో అలవాటైన మనిషి సల్వారు తొడిగితే ఎవరికీ అభ్యంతరం కలగలేదు. రాముడిగా చూసిన కళ్లతోనే జనం ఆలీబాబానూ చూశారు. అది చిన్న విషయం కాదు. ఇవాళ ఒక పెద్ద హీరో ముస్లిం పేరుతో, ముస్లిం వేషంతో సినిమా అంతా నడవాలంటే ఎన్ని లెక్కలు వేస్తారో మనకు తెలుసు.

కానీ ఆ హీరో ఉన్నది బాగ్దాదులో. బందరులో కాదు, కర్నూలులో కాదు, కడపలో కాదు. అదే కాలపు సాంఘిక సినిమాల్లో మాకు దొరికిన వేషాలు గుర్తు చేసుకోండి. వచ్చీరాని తెలుగు మాట్లాడి నవ్వించే సాయిబు. అత్తరు అమ్మే సాయిబు. హీరో కుటుంబానికి ప్రాణమిచ్చే విశ్వాసపాత్రుడైన సాయిబు. తరతరాలుగా తెలుగులోనే నవ్వి, తెలుగులోనే ఏడ్చిన దూదేకుల బతుకు తెర మీదికి రావడం ఎంత అరుదు! తెలుగు తెరకు ముస్లిం అంటే పరాయి ఊరి పాదుషా, లేకపోతే మన ఊరి జోకరు. పాదుషాకీ జోకరుకీ మధ్య బతికే మామూలు మనిషికి చోటు దొరకలేదు.

ఇంకో మాట. బాగ్దాదు అంటే తెలుగు పిల్లలకు ఏం తెలుసు? దొంగలు, తివాచీలు, నాట్యకత్తెలు. తొమ్మిదో శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ కూర్చుని బీజగణితం రాసిన నగరం అదేనని, గ్రీకు, భారతీయ శాస్త్రాలు అరబ్బీలోకి వెళ్లిన నగరం అదేనని ఏ గజదొంగా చెప్పలేదు. 1991 జనవరిలో ఆ నగరం మీద బాంబులు కురిశాయి. 2003లో మళ్లీ కురిశాయి. టీవీలో ఆ మెరుపుల్ని చాలామంది ఇంకో సినిమాలాగే చూశారు. ఒక నగరాన్ని మాయల నగరంగా మాత్రమే ఎరిగినవాళ్లకు అక్కడ మనుషులు చస్తున్నారన్న సంగతి తొందరగా తట్టదు.

అయితే ఈ కథలు మావి, మా సొత్తు, మీరు దోచుకున్నారు అని మేం అనం. అలా అంటే అది అబద్ధం. ఆలీబాబా, అల్లావుద్దీన్ కథలు వెయ్యిన్నొక్క రాత్రుల పాత అరబ్బీ ప్రతుల్లోనే లేవు. 1709లో పారిస్‌లో అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ అనే క్రైస్తవ యువకుడు చెప్తే, ఫ్రెంచి పండితుడు గలాన్ తన పుస్తకంలో చేర్చుకున్నాడు. అల్లావుద్దీన్ కథ జరిగేది చైనాలో. కథకు కులం లేదు, మతం లేదు. దారిన పోయే వాళ్లందరి చెయ్యీ దాని మీద పడుతుంది.

మన 'పాతాళభైరవి'నే చూడండి. కె.వి.రెడ్డి 1951లో తీసిన ఆ సినిమాకు మూలం కాశీమజిలీ కథలంటారు. నిజమే. కానీ దూరదేశం నుంచి వచ్చిన మాంత్రికుడు పేదింటి కుర్రాణ్ణి గుహలోకి తీసుకుపోవడం, అక్కడ దొరికిన మహిమగల వస్తువుతో ఆ కుర్రాడు రాజు కూతురికి మొగుడు కావడం, ఆ వస్తువు మాంత్రికుడి చేతికి చిక్కి మళ్లీ కష్టాలు రావడం - ఇది అల్లావుద్దీన్ కాదా? దర్జీ కొడుకు తోటరాముడయ్యాడు. దీపం బొమ్మయింది. మగ్రిబ్ మాంత్రికుడు నేపాళ మాంత్రికుడయ్యాడు. పింగళి నాగేంద్రరావు మాటలు, ఎస్వీ రంగారావు నటన, మార్కస్ బార్ట్‌లే కెమెరా కలిసి దాన్ని అచ్చ తెలుగు కథ చేశాయి. మాకు దాని మీద ఫిర్యాదు లేదు. తోటమాలి కొడుకు రాజుకి ఎదురు నిలబడే కథ ఏ భాషలో ఉన్నా మాదే.

మా ఫిర్యాదు వేరే చోట ఉంది. 'గులేబకావళి కథ' చూడండి. 1722లో ఇజ్జతుల్లా బంగాలీ పారశీకంలో రాశాడు. 1803లో నిహాల్‌చంద్ లాహోరీ ఉర్దూ వచనంలోకి తెచ్చాడు. 1838లో దయాశంకర్ నసీమ్ అనే కాశ్మీరీ పండిట్ దాన్ని ఉర్దూలో మస్నవీగా రాశాడు. ముస్లిం చెప్పిన కథని ఇద్దరు హిందువులు ఉర్దూలో ఇంకా పైకెత్తారు. అది అప్పటి కలివిడి. 1962లో ఎన్టీఆర్ దర్శకత్వంలో అది తెలుగు తెరకెక్కింది. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న సి.నారాయణరెడ్డి సినిమా పాటలు మొదలుపెట్టింది కూడా దానితోనే. కానీ తాజుల్ ములూక్ పేరు పోయింది. పువ్వు పేరు మాత్రం మిగిలింది. ఆ పేరులో పారశీకం ఉందని తెలియకుండానే తెలుగువాళ్లంతా ఇష్టంగా పలుకుతున్నారు. కథ కావాలి, పువ్వు కావాలి, పాట కావాలి. కథ మోసుకొచ్చిన వాళ్ల ఊసు మాత్రం అక్కర్లేదు. మాకు నొప్పి అక్కడ.

బయటి దేశాల సినిమాలూ దీనికి తీసిపోలేదు. 1940లో వచ్చిన 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్'లో దొంగ కుర్రాడు సాబూ, మైసూరు మావటి ఇంటి ముస్లిం పిల్లవాడు. అతని నవ్వు ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. కానీ వెయ్యిన్నొక్క రాత్రుల్లో హారూన్ రషీద్ పక్కన తిరిగే మంత్రి జాఫర్, ఆ సినిమాకి వచ్చేసరికి దుర్మార్గుడయ్యాడు. 1992లో డిస్నీ 'అల్లాదీన్' అదే జాఫర్‌ని ఇంకా నల్లగా, ఇంకా వంకరగా గీసింది. ఆ సినిమా మొదటి పాటలో అరబ్బుల్ని అవమానించే చరణం మీద అమెరికాలోని అరబ్బులు గట్టిగా అడిగితే, 1993లో వీడియోకి ఆ మాటలు మార్చారు. అడిగితే మారుతుంది. అడగాలి.

మరి కొత్త సినిమాలు బాగుపడ్డాయా? 1992లో 'రోజా' వచ్చింది. గడ్డం, నమాజు, తుపాకీ ఒకే చట్రంలో ఇమిడిపోయాయి. 2002లో 'ఖడ్గం'లో మంచి ముస్లిం ఉన్నాడు గానీ, తన దేశభక్తికి అతను అడుగడుగునా సాక్ష్యం చూపించుకోవాలి. 2015లో 'బాహుబలి' వచ్చింది. వందల కోట్ల మాహిష్మతిలో ముస్లిం పేరున్న మనిషి ఎవరు? అస్లంఖాన్. బయటి దేశం నుంచి కత్తులు అమ్ముకోవడానికి వస్తాడు. మంచి మాటలు మాట్లాడతాడు, వెళ్లిపోతాడు. ఆలీబాబా నుంచి అస్లంఖాన్ దాకా నలభై అయిదేళ్లు. హీరో కాస్తా అతిథి అయ్యాడు. అట్ట కోటలు కంప్యూటర్ కోటలయ్యాయి గానీ, వాటి లోపల మాకు ఇల్లు లేదు.

కాబట్టి పాత జానపదాలు చూడదగ్గవా అంటే, చూడదగ్గవే అంటాం. పనితనం కోసం చూడాలి. దొంగ, తోటమాలి, పనిపిల్ల మర్జియానా రాజుల కంటే తెలివైనవాళ్లని చెప్పే కథల కోసం చూడాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ముస్లిం పేరున్న హీరోని తెలుగు జనం ఏ సంకోచమూ లేకుండా ప్రేమించిన కాలం ఒకటి ఉందని రుజువు కోసం చూడాలి. ఆ ప్రేమ నిజం. అది బాగ్దాదు దాకా వెళ్లి పక్కింటి దాకా రాకపోవడమూ నిజం.

లౌకికవాద మిత్రులకు మా మనవి ఒకటే. 'ఆ సినిమాల్లో మతం ఎక్కడుంది, హాయిగా చూడక' అని తోసెయ్యకండి. మీకు హాయిగా ఉన్నచోట మాకు సగం హాయి, సగం ముల్లు. ముల్లు గురించి మాట్లాడితే హాయి చెడగొట్టినట్టు కాదు.

మేం మా పిల్లలకు ఆ సినిమాలు చూపిస్తాం. పక్కన కూర్చుని చూపిస్తాం. ఆలీబాబాకి చప్పట్లు కొట్టనిస్తాం. అయిపోయాక అడుగుతాం: ఈ ఆలీబాబా మన గల్లీలో ఉంటే కథ ఎట్లా ఉండేది? ఆ కథ రాయాల్సింది, తియ్యాల్సింది మేమే. అప్పటిదాకా పాత తెర మీద మా పేరు వినపడిన ప్రతిసారీ ఈల వేస్తాం.