పేర్లు రాసే లీడరు

1823లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ వీధిబడుల మీద మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. అందులో పిల్లల హాజరు పద్ధతి చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్నా, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చే ప్రతివాడికీ ఒక్కొక్కటి ఎక్కువ. బద్ధకస్తుణ్ణి చేతులు కట్టి కప్పుకు వేలాడదీసేవారట. కోదండం అంటే అదే. గుంజీల ప్రస్తావనా ఉంది.

ఈ లెక్క ఇవాళ కొల్లేరు సరస్సు లంక ఊళ్ల బడుల్లో పెడితే చివరి దెబ్బలన్నీ ఎవరికి పడతాయో చెప్పనక్కర్లేదు. చేపల చెరువుకు కాపలా ఉంటూ గట్టు మీద పాకలో బతికేవాళ్ల పిల్లలకి. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరంతా కొల్లేట్లో చేరుతుంది. సముద్రంలోకి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి, అదీ నింపాదిగా లాగుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీరే ఆ తర్వాత లంక ఊళ్ల రోడ్లెక్కింది. మోకాల్లోతు నీళ్లలో బడికొచ్చిన పిల్లను ఎందుకు ఆలస్యమని అడగడమే తప్పు.

చట్టం బెత్తాన్ని ఎప్పుడో తీసేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే విద్యా నిబంధనలు సవరించి బడుల్లో దెబ్బలు నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దానికి మానసిక వేధింపును కూడా చేర్చింది. ఫీజు కట్టలేదని, షూ పాలిష్ లేదని పిల్లవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టే ప్రైవేటు స్కూళ్లూ దీని కిందికే వస్తాయి. అయినా ‘దండం దశగుణం భవేత్’ అనే పెద్దమనుషులు ఏలూరులోనూ తగ్గలేదు, తాడేపల్లిగూడెంలోనూ తగ్గలేదు.

బెత్తం పోయిన చోట ఏం రావాలో మాత్రం ఎవరూ సరిగా చెప్పలేదు. 2025 మార్చిలో విజయనగరం జిల్లా పెంట ఉన్నత పాఠశాల హెడ్మాస్టరు, పిల్లల్ని కొట్టలేక, మార్చలేక, వాళ్ల ముందే సాష్టాంగపడి తానే గుంజీలు తీశారు. వీడియో ఊరూరా తిరిగింది. ఆయన బాధ నిజమైనదే. కానీ అక్కడ శిక్ష మారలేదు, శిక్ష పడే మనిషి మారాడంతే.

ప్రాథమిక బడిలో క్రమశిక్షణ చాలా చిన్న పనుల్లో ఉంటుంది. 60 మంది పిల్లల వరకూ ఇద్దరు టీచర్లుండాలని చట్టం. అందులో ఒకరు సెలవు పెడితే ఐదు తరగతులూ ఒక్కరి మీదే పడతాయి. అప్పుడు మాస్టారి గొంతు ఎంత పెద్దదైనా చాలదు. పలక ఎక్కడ పెట్టాలి, నీళ్లకి ఎప్పుడు లేవాలి, పని ముందే అయిపోతే ఏం చేయాలి అన్నవి జూన్‌లోనే పిల్లల చేత చేయించి చూపాలి, ఒక్కో దానికి కారణం చెప్పాలి. ఆలస్యమైనవాడు చప్పుడు లేకుండా వచ్చి కూర్చుని పని మొదలుపెడతాడు. ఎందుకైందో విరామంలో, నలుగురిలో కాకుండా అడగాలి. మధ్యాహ్న భోజనం వరుసలో ఒకటో తరగతి ముందు, ఐదో తరగతి చివర. ఎవరి కంచం వాళ్లే కడగాలి.

పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతి ఈ నేలదే. మద్రాసులో అనాథ బాలల బడి నడిపిన ఆండ్రూ బెల్ దాన్నే మద్రాసు పద్ధతిగా ఇంగ్లండుకు పట్టుకెళ్లాడు. ఇక్కడ మాత్రం అది క్లాసు లీడరు బోర్డు మీద ‘మాట్లాడినవాళ్ల పేర్లు’ రాయడం దగ్గర ఆగిపోయింది. స్నేహితుడి పేరు చెరిపి, పడనివాడి పేరు రెండుసార్లు రాసే ఆ లీడరు బడికెళ్లిన ప్రతి ఒక్కరికీ గుర్తుంటాడు. లీడరు వారం వారం మారాలి. వాడి పని పేర్లు పట్టడం కాదు, పలకలు పంచడం.

మెగా పేరెంట్ టీచర్ మీటింగులు 2024 డిసెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నిటా జరుగుతున్నాయి. ఈసారి వెళ్లినప్పుడు ‘రెండు తగిలించండి మాస్టారూ’ అనే మాట ఇంట్లోనే వదిలి వెళ్లండి. తరగతిలో ఏయే నియమాలు పెట్టారో, అవి మీ పిల్లలకు ఎలా చెప్పారో అడగండి.