పాత యంత్రము, పరుల పత్రములు

ఫెరార్గంజ్ వంటి ఊళ్లలో ల్యాప్‌టాపు ఒక్కరి సొత్తుగా ఎన్నడును ఉండదు. బిల్లు ఎవరి పేర నున్నను దాని లోపల వీథి యంతయు కాపురముండును. దక్షిణ అండమానులో, 2024 సెప్టెంబరునుండి శ్రీవిజయపురమని వ్యవహరింపబడుచున్న పోర్టుబ్లెయిర్ విడిచి ట్రంకు రోడ్డు మీద ఉత్తరముగా పోవుచు జిర్కాటాంగ్ చెక్‌పోస్టునకు ఇవతల ఆగినచో కనిపించు ఊరు మాది. ఓడ టికెట్టు తీయవలసినవారు, ద్వీపవాసులకిచ్చు ఐలాండర్ గుర్తింపు కార్డునకు కాగితములు సిద్ధపరచుకొనువారు, పిల్లల స్కాలర్‌షిప్పు దరఖాస్తు నింపవలసినవారు నెట్ సెంటరును వెదకికొని పోవుటకంటె తెలిసినవారి తలుపు తట్టుటయే సులభమని తలచి నా బల్లయొద్దకు వచ్చుచుండిరి. వచ్చినవారి ఆధార్ కార్డులు, రేషను కార్డులు, పదవ తరగతి మార్కుల జాబితాలు, బ్యాంకు పాసుపుస్తకముల మొదటి పుటలు, వీనిలో ఏ ఒక్కటియు నాది కాకపోయినను, అన్నియు నా డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఒకదానిపై నొకటి పేరుకొని యుండెను. కావున ఆ ల్యాప్‌టాపును ఈ వీథిలోనే పాలిటెక్నిక్ చదువు కుఱ్ఱవానికి అమ్ముటకు మాట యిచ్చినపుడు, నేనమ్మునది నాదేనా యను ప్రశ్న ధరకంటె ముందుగా నాయెదుట నిలిచినది.

మనలో చాలమంది ఈ ప్రశ్నను ఒక్క మాటతో తేల్చివేయుదురు: ఫార్మాట్ కొట్టించి ఇచ్చివేయుము. ఆ కొట్టుట యనునది సాధారణముగా క్విక్ ఫార్మాట్. కంప్యూటరులో ఒక ఫైలును తీసివేసినపుడు గాని, డ్రైవు నంతటిని త్వరితముగా ఫార్మాట్ చేసినపుడు గాని, ఏ ఫైలు ఎచ్చట నున్నదో తెలుపు పట్టిక మాత్రమే మాసిపోవును. అక్షరములు, చిత్రములు అయస్కాంతపు పళ్లెము మీద యథాతథముగా నుండి, వాని స్థానమున క్రొత్తవి వచ్చి పడువరకు చెక్కుచెదరవు. గుమ్మము మీది పేరుపలక ఊడదీసినంతమాత్రమున ఇంటిలోనివారు ఖాళీ చేసి పోయినట్లగునా? ఉచితముగా దొరకు రికవరీ ప్రోగ్రాము ఒక్కటి చేతనున్న యెవడైనను ఒక సాయంకాలములో వానిని మరల పైకి తీయగలడు. అమెరికాలో సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అను ఇద్దరు పరిశోధకులు వాడిన హార్డ్ డిస్కులను 158 కొని తెచ్చి పరీక్షించి 2003లో ఫలితములను ప్రకటించిరి. పనిచేయుచున్నవి 129, వానిలో సక్రమముగా తుడిచినవి 12 మాత్రమే. మిగిలినవానిలో అయిదు వేలకు పైబడిన క్రెడిట్ కార్డు సంఖ్యలు, రోగుల వివరములు, ప్రేమలేఖలు బయటపడినవి. ఒక డిస్కు ఏటీఎం యంత్రము నుండి వచ్చినదిగా తేలినది. ఆ డిస్కుల నమ్మినవారందఱును తాము శుభ్రముగానే ఇచ్చితిమని నమ్మియే యుందురు.

ఈ జాగ్రత్త ఇంత పట్టుదలగా పాటింపవలెనా యని అడుగువారికి ఈ ఊరి పుట్టుక నుండియే నేను సమాధానము చెప్పుదును. 1923 నుండి 1931 వరకు ఈ ద్వీపములకు చీఫ్ కమిషనరుగా నుండిన మైకేల్ లాయిడ్ ఫెరార్ పేర వెలసిన ఈ ప్రాంతమున, ఆ కాలముననే ఉత్తర భారతమునందలి నాటి సంయుక్త రాష్ట్రముల (యునైటెడ్ ప్రావిన్సెస్) నుండి తెచ్చిన భాంటూ కుటుంబములకు భూములిచ్చి నివాసము కల్పించిరి. వారు చేసిన నేరమేమి? వారిలో అనేకులకు, 1871లో పుట్టిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టము క్రింద తమ కులము పేరు పోలీసు రిజిస్టరులో ఎక్కియుండుటయే. బిడ్డ పుట్టకమునుపే వాని పేరునకు ఒక గడి సిద్ధముగా నుండెడిది. ఆ చట్టము 1952లో రద్దయినది. గాని రిజిస్టరు చింపినంత సులభముగా లోకుల చూపు మారలేదని ఆ కుటుంబముల వృద్ధులతో కూర్చుండి మాటాడిన యెవరైనను గ్రహింతురు. ఒక మనుష్యుని గూర్చిన వ్రాత పరుల చేతిలో నుండుట యనగా నేమో ఇంత దగ్గరగా ఎఱిగిన నేల మీద నివసించుచు, పొరుగువారి వ్రాతకోతలను పట్టించుకొనక ఎనిమిది వేల రూపాయలకు అమ్మివేయుట నాకు సమ్మతము కాలేదు.

తుడుచుటకు ముందు దాచుకొనవలసినవి దాచుకొనుట యున్నది. ఏటా మూడు వేల మిల్లీమీటర్లకు అటునిటుగా వాన కురియు ఈ దీవిలో యంత్రములు మనుష్యులకంటె ముందుగా ముసలివగును. నా ల్యాప్‌టాపు అడుగుభాగపు మరలు ఎఱ్ఱగా తుప్పెక్కి, స్క్రూడ్రైవరు పెట్టి త్రిప్పినపుడు తలలు పొడియై రాలుచుండెను. దానిలో నాకు నిజముగా విలువైనది ఒక్కటే: శ్రీకాకుళము ప్రాంతమునుండి విశాఖపట్టణము వచ్చి ఓడ యెక్కిన తమ వృత్తాంతమును మా నాయనగారు చెప్పుచుండగా నేను టైపు చేసినది. అది ‘అను’ అను పేరుగల పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో నున్నది. యూనికోడు 1991లోనే తెలుగునకు చోటిచ్చినను, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినను, మన డీటీపీ కేంద్రములు చాల యేండ్లు ‘అను’ ఫాంట్లనే పట్టుకొని యుండుటచే నేనును వానితోనే నేర్చుకొంటిని. ఆ ఫాంటు లేని యంత్రములో ఫైలును తెరచినచో మా నాయనగారి మాట యొక్కటియు కనబడదు. అర్థము లేని ఇంగ్లీషు అక్షరములును, గుర్తులును బారులు తీరి కనిపించును. ఫైలును మాత్రమే కాపీ చేసికొని తృప్తిపడినవారు తమ కుటుంబ చరిత్రను ఈ విధముగా పోగొట్టుకొనుచున్నారు. కావున ఫాంటును వెంట నుంచితిని, పీడీఎఫ్ ఒకటి చేసితిని, యూనికోడులోనికి మార్చి వత్తులు, గుణింతములు చెదరినచోట చేతితో సవరించితిని. 2004 డిసెంబరు 26న సముద్రము ఈ ద్వీపముల మీదికి వచ్చినపుడు ఎన్నో ఇండ్లలో పెండ్లి ఫోటోలతో సహా అన్నియు కొట్టుకొనిపోయినవి గనుక, ఒక ప్రతి ఇచ్చట నుంచి రెండవ ప్రతిని ఆవలి తీరమునకు, మేనల్లుని యింటికి పంపితిని.

ఇక ఏ ఆపరేటింగ్ సిస్టము వేయవలెను? ఆ ల్యాప్‌టాపులో నున్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్టు ఉచిత సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 కోరు టీపీఎం 2.0 అను భద్రతా చిప్పు దానిలో లేదు. అడ్డదారిని ఎక్కించు ఉపాయములు లేకపోలేదు. కాని రేపు ఏ అప్‌డేటుతో నిలిచిపోవునో తెలియని దానిని విద్యార్థి చేతిలో పెట్టి సొమ్ము పుచ్చుకొనుట వ్యాపారమున కూడ ధర్మము కాదు. కుఱ్ఱవానిని పిలిచి సంగతి చెప్పి, వాడు నేర్చుకొనుచున్న ప్రోగ్రామింగు పాఠములకు ఏమేమి కావలెనో అడిగి, ఇరువురము కలిసి లినక్స్ మింట్ అని నిశ్చయించితిమి. 1991లో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సును తెలుగు మాటాడించుటకు హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు ఎంతో శ్రమపడిరని వానికి చెప్పితిని. వాడు అంతకుముందు విని యుండలేదు. మింట్ స్థాపనకు కావలసిన, మూడు జీబీలకు దగ్గరగా నుండు ఫైలు కొద్ది సేపటిలో దిగినది. 2020 ఆగస్టు 10న చెన్నై నుండి సముద్రగర్భమున రమారమి 2,300 కిలోమీటర్ల కేబులు ప్రారంభమగుటకు ముందు, ఉపగ్రహముపై ఆధారపడిన దినములలో, ఇట్టి ఫైలును దించుటకంటె ఓడ మీద వచ్చువారిచేత డీవీడీ తెప్పించుకొనుటయే మేలుగా నుండెడిది. ఫైలు చెడకుండ దిగినదా యని తెలుపు చెక్‌సమ్‌ను మింట్‌వారు ప్రచురించిన దానితో అక్షరమక్షరము సరిపోల్చి, పదునాఱు జీబీల పెన్ డ్రైవును బూటబుల్ చేసితిని.

పెన్ డ్రైవు నుండియే లినక్సును నడిపి, వైఫై, స్పీకర్లు, కీబోర్డు పనిచేయుచున్నవని చూచికొన్న పిమ్మట తుడుపు పని. డిస్కుల జాబితాలో 500 జీబీ యని యున్నది ఏది, 16 జీబీ యని యున్నది ఏది యని వ్రేలు పెట్టి చదువనిదే ఆజ్ఞ నొక్కరాదు. ఆ యంత్రము అడిగి చేయునది కాదు, చెప్పినది చేయునది. మొదటి సెక్టారు నుండి చివరి సెక్టారు వరకు సున్నలు నింపుమని ఆజ్ఞాపించితిని. 1996లో పీటర్ గట్‌మన్ వ్రాసిన పత్రమును బట్టి ముప్పదియైదు మార్లు తుడువవలెనను నమ్మకము నేటికిని ప్రచారములో నున్నది గాని, నేటి హార్డ్ డిస్కులకు ఒక్క మారు పూర్తిగా నింపినచో సామాన్యముగా చాలునని అమెరికా ప్రమాణముల సంస్థ నిస్ట్ మార్గదర్శకము చెప్పుచున్నది. ఎస్‌ఎస్‌డీ యైనచో దారి వేఱు; దానిలో మనకు కనబడని అదనపు గదులుండును గనుక, ఆ డ్రైవు తయారీదారు ఇచ్చిన సెక్యూర్ ఎరేజ్ ఆజ్ఞనే వాడవలెను. నాది తిరుగుడు డిస్కు. రెండు గంటలకు పైగా పట్టినది. డీజిలు మీద నడచు మా కరెంటును, ఛార్జి నిలువని పాత బ్యాటరీని నమ్మక, ఇన్వర్టరుకు తగిలించి ప్రక్కనే కూర్చుంటిని.

ముగిసినదని తెర చెప్పినంతమాత్రమున నేను నమ్మలేదు. డిస్కులోని బైట్లను అంకెలుగా చదివి చూపు హెక్స్‌డంప్ అను ఆజ్ఞ యొకటి కలదు. ఒకేరీతి వరుసలు మరల మరల వచ్చునపుడు అది వానిని ముద్రింపక ఒక్క నక్షత్రపు గుర్తు నుంచి ముందుకు పోవును. ఆ మూల నుండి ఈ మూల వరకు చదివి, అది నాకు చూపినది ఒక సున్నల వరుస, దాని క్రింద ఒక నక్షత్రము, అటుపిమ్మట డిస్కు అంతమును తెలుపు అంకె. వీథి యంతటి కాగితములు ఉండినచోట మఱేమియు లేదు. ఈ పనిలో నాకు మిక్కిలి యిష్టమైన ఘట్టమిది. పని సరిగా జరిగినదా లేదా యనుటకు ఇంత నిస్సంశయమైన సాక్ష్యమిచ్చు వృత్తులు అరుదు.

స్థాపన సులభము. లినక్స్ మింట్‌లో ఓఈఎం పద్ధతి యని యొకటి కలదు. దాని నెన్నుకొన్నచో అమ్మువాని పేరు ఎచ్చటను నిలువదు, కొన్నవాడు మొదట ఆన్ చేసినపుడు తన పేరును, పాస్‌వర్డును తానే పెట్టుకొనును. తెలుగు కీబోర్డును చేర్చి, ఆ పద్ధతి ప్రకారము అప్పగింతకు సిద్ధపరచి ఆపివేసితిని. తీసికొనిపోవుటకు కుఱ్ఱవానితో వాని తల్లి కూడ వచ్చినది. సొమ్ము బల్ల మీద పెట్టి ఆమె అడిగినది.

“మరి పాతవేటీ లేవు కదన్నయ్యా? రేపు మా గుంటడి మీదకేటీ రాదు కదా?”

“ఏమీ లేవమ్మా. వాడే చూశాడు, అడుగు.”

తుడుచునపుడును, సరిచూచినపుడును వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట అందుకే. కొనువానికి ఈ భయము కూడ ఉండునని అమ్మువారు తలపరు. పరుల పత్రములు తన యంత్రములో దొరికినచో జవాబు చెప్పవలసినవాడు వాడే కదా.

అంతకుముందే, ఎవరి కాగితములు వారికి కావలెనేమోయని ఇంటింటికి పోయి అడిగి, కావలెనన్నవారికి వారి ఫోనులోనికి ఎక్కించి యిచ్చితిని. చాలమంది, అవి ఇంకను నాయొద్ద నున్నవాయని ఆశ్చర్యపడిరి. మూడవ యింటి పిన్ని మాత్రము కలవరపడినది.

“పోనీ, నా కాగితాలు నీ కొత్త దాంట్లో ఎక్కించీసావా?”

“లేదు పిన్నీ. ఇకనుంచి పని అయిపోగానే నీ ముందే తీసేస్తాను.”

“మళ్ళా పనిపడితేనో?”

“మళ్ళా పట్టుకురా పిన్నీ.”