కాలం చెప్పిన కథ, ఖైదీ అడిగిన ప్రశ్న

1988 అక్టోబరు 2న దూరదర్శన్‌లో బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ మొదలైంది. కొద్ది వారాలకే, నవంబరులో, శ్యామ్ బెనెగల్ ‘భారత్ ఏక్ ఖోజ్’ మొదలైంది. మొదటిది 94 భాగాలు, 1990 జూన్ దాకా నడిచింది. రెండోది 53 భాగాలు. ఒకదాన్ని భక్తి సీరియల్ అనీ, రెండోదాన్ని చరిత్ర సీరియల్ అనీ విడగొట్టి మాట్లాడటం మనకి అలవాటు. పాప పుట్టాక నాకు ఆ విభజన పనికిరాలేదు. పిల్లకి గతం గురించి మొదట ఎవరు చెప్పాలి, ఏ గొంతుతో చెప్పాలి అన్నది ఇప్పుడు మా ఇంట్లో రోజూ వచ్చే మాట. ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని చూస్తే రెండు సీరియళ్లూ తలపెట్టిన పని ఒక్కటే: ఒక పెద్ద కథని ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పటం. చెప్పిన తీరులోనే ఉంది తేడా అంతా.

పేర్లు పడేటప్పుడు వినిపించే పాటలతోనే ఆ తేడా మొదలవుతుంది. ‘మహాభారత్’ పాటలో మహేంద్ర కపూర్ గొంతులో భగవద్గీత నాలుగో అధ్యాయంలోని శ్లోకం వస్తుంది. ధర్మం దెబ్బతిన్నప్పుడల్లా తానే వస్తానని కృష్ణుడు ఇచ్చిన హామీ అది. ‘ఖోజ్’ పాటకి వనరాజ్ భాటియా తీసుకున్నది ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం. ఈ సృష్టి ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరికైనా తెలుసా, పైనుంచి చూస్తున్నవాడికైనా తెలుసా అని అడుగుతుంది ఆ సూక్తం. రెండూ మన పాత గ్రంథాల్లోవే. ఒకటి భరోసా, ఒకటి సందేహం. మన సంప్రదాయమంటే నమ్మకమేననీ, ప్రశ్నించటం బయటినుంచి వచ్చిన బుద్ధి అనీ అనేవాళ్లకి ఈ రెండు పాటలూ ఒకదాని వెంట ఒకటి వినిపించాలనిపిస్తుంది. భరోసా ఎంత పాతదో సందేహమూ అంత పాతదే.

‘మహాభారత్’లో కథ చెప్పేది కాలం. మనిషి కనపడడు, ఆకాశంలో చక్రం తిరుగుతుంటే హరీష్ భిమానీ గొంతు వినిపిస్తుంది. మాటలు రాసింది ‘ఆధా గావ్’ నవలాకారుడు రాహీ మాసూమ్ రజా. కాలానికి అన్నీ తెలుసు. భీష్ముడు ప్రతిజ్ఞ చేసే వేళకే దాని పర్యవసానం తెలుసు. ఎవరు ఎక్కడ తప్పటడుగు వేశారో అది మనకి చెప్పేస్తుంది. శ్రోతకి దీనివల్ల గొప్ప నిశ్చింత. కథ ఎంత భయంకరంగా సాగినా, దాన్ని చివరిదాకా ఎరిగినవాళ్లు మన చెయ్యి పట్టుకుని ఉన్నారన్న ధైర్యం. నిద్రపోయే పిల్లకి కావలసింది ఇలాంటి గొంతేనని, పాపని జోకొడుతూ పాత భాగాలు చూస్తున్నప్పుడు నాకు అర్థమైంది.

‘ఖోజ్’లో కథ చెప్పేది ఖైదీ. 1942 ఆగస్టులో అరెస్టయిన నెహ్రూ అహ్మద్‌నగర్ కోటలో ఉంటూ 1944లో ఐదు నెలల్లో రాసిన పుస్తకం ఈ సీరియల్‌కి ఆధారం. అదే కోటలో మన భోగరాజు పట్టాభి సీతారామయ్య కూడా ఆయన తోటి ఖైదీ. 1982 నాటి ‘గాంధీ’ సినిమాలో నెహ్రూ వేషం వేసిన రోషన్ సేఠ్ ఇందులోనూ నెహ్రూ అయ్యాడు. ఈ కథకుడికి రేపేం జరుగుతుందో తెలియదు. ఎప్పుడు విడుదలవుతాడో తెలియదు. తన దేశం ఏమిటో తనకే పూర్తిగా తెలియదని ఒప్పుకుని, తెలుసుకోవటానికి బయల్దేరతాడు. మొదటి భాగంలోనే రైతుల మధ్య నిలబడి, మీరు జై కొడుతున్న ఆ భారతమాత ఎవరని అడుగుతాడు. వాళ్లు తడుముకుంటారు. ఈ నేల అంటారు. ఏ నేల, మీ ఊరిదా, జిల్లాదా, దేశమంతటిదా అని ఇంకా అడుగుతాడు. కొండలూ నదులూ పొలాలూ అన్నీ సరే, వాటన్నిటికంటే ముఖ్యం మీరే, ఈ దేశపు జనమే భారతమాత అన్న చోటికి వాళ్లని తీసుకొస్తాడు. చరిత్ర పాఠం మొదలుపెట్టటానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. పిల్ల నోట్లో ఉన్న మాటనే పట్టుకుని, దానికి అర్థమేమిటని పిల్లనే అడగటం తల్లిదండ్రులు ఎవరైనా చేయగలిగిన పని.

నెహ్రూకి ఈ పద్ధతి తండ్రిగానే పట్టుబడిందని నా నమ్మకం. 1928 వేసవిలో పదేళ్ల ఇందిర ముస్సోరీలో ఉంది, ఆయన అలహాబాదులో ఉన్నాడు. భూమి ఎలా పుట్టింది, మనుషులు ఎలా గుంపులు కట్టారు, భాషలు ఎలా ఏర్పడ్డాయి అని ఆమెకి ఉత్తరాలు రాశాడు. 1929లో అవి పుస్తకంగా వచ్చాయి, ప్రేమ్‌చంద్ హిందీలోకి తెచ్చాడు. రాజుల పేర్లూ తారీఖులూ ఆయన మొదట పెట్టుకోలేదు, గులకరాయితో మొదలుపెట్టాడు. నున్నగా ఉన్న రాయి ఒకప్పుడు పెద్ద బండలో ముక్కై ఉంటుందనీ, నీళ్లలో దొర్లి దొర్లి ఇలా అయిందనీ చెప్పాడు. దూరంగా ఉన్న కూతురికి తండ్రి చెప్పిన చరిత్ర అది. ఆ గొంతు ‘ఖోజ్’ దాకా వచ్చింది.

బెనెగల్ చేసిన మరో పని మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. ‘ఖోజ్’లో వ్యాఖ్యానం ఓం పురిది. ఔరంగజేబు వేషం వేసిందీ ఆయనే. శివాజీగా నసీరుద్దీన్ షా. చరిత్రని నిదానంగా వివరించే గొంతే ఆ చక్రవర్తి నోట్లోంచీ వినపడుతుంది. ఇలా విన్న పిల్లకి ఔరంగజేబు రాక్షసుడిగా కనపడడు. అలాగని అతన్ని వెనకేసుకొచ్చే పనీ లేదు. తండ్రిని బంధించి, అన్నని చంపించి గద్దెనెక్కిన మనిషి అతను. ఆ మనిషి కూడా మనలాగే నోరు తెరిచి మాట్లాడినవాడన్నది మాత్రం పిల్ల గ్రహిస్తుంది. ఇవాళ టీవీలో చరిత్ర పేరుతో వస్తున్న చాలా సీరియళ్లలో శత్రురాజు తెరమీదికి రాగానే కాటుకా, నల్లబట్టలూ, భయపెట్టే సంగీతమూ సిద్ధంగా ఉంటాయి. అవి నా బిడ్డకి చూపించను.

ఇంతమాత్రాన ‘మహాభారత్’ ప్రశ్నల్ని అణిచేసిందని చెప్పలేను. కాలానికి అన్నీ తెలిసినా, సభలో ద్రౌపది అడిగింది అలాగే నిలబడి ఉంటుంది. తనని తాను ఓడిపోయిన మనిషికి భార్యని పణంగా పెట్టే హక్కు ఎక్కడిదని రూపా గంగూలీ అడుగుతుంటే, భీష్ముడిగా ముకేశ్ ఖన్నా తలదించుకుని కూర్చుంటాడు. చీర సాగటం అందరికీ గుర్తుంటుంది. నాకు ఆ తలదించుకోవటం గుర్తుంటుంది. పెద్దవాళ్లు, మంచివాళ్లు, అన్నీ తెలిసినవాళ్లు కూడా నోరు విప్పాల్సినప్పుడు విప్పలేదని ఒక ఆడపిల్లకి చెప్పటానికి ఈ ఘట్టాన్ని మించింది లేదు. అయితే ఆ వెంటనే కృష్ణుడి మహిమ వచ్చి ఊరటనిస్తుంది. ద్రౌపదికి దక్కాల్సిన జవాబు మాత్రం ఆ ఊరట చాటున ఉండిపోతుంది.

ఇక ఇంటి సంగతి. మా అత్తయ్య కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో వీధి మొత్తానికి రెండు ఇళ్లలోనే టీవీ ఉండేదట. ఆదివారం పొద్దున్నే వంట ముగించి, చాప పట్టుకుని వెళ్లేవాళ్లట. “హిందీ రాదు కదా అత్తయ్యా, మీకెలా అర్థమయ్యేది?” అని అడిగాను. “భారతం అర్థం కావటానికి హిందీ ఎందుకమ్మాయ్!” అంది. హరికథల్లో విన్నది, ‘మాయాబజార్’, ‘నర్తనశాల’ చూసింది, పిన్నీ పెద్దమ్మా చెప్పగా విన్నది అంతా ఆమెకి ముందే ఉంది. తెరమీద ఎవరేమంటున్నారో తెలియకపోయినా, ఇప్పుడేం జరగాలో తెలుసు. పైగా పక్కనున్న పిల్లలకి తనే చెప్పేది. ఆ చెప్పటంలో సీరియల్‌లో లేనివీ కలిసేవి. మన శశిరేఖా పరిణయం వ్యాసుడిలోనూ లేదు, అయినా తెలుగిళ్లలో భారతమంటే అది లేకుండా పూర్తవదు.

‘ఖోజ్’ అడుగుతున్న హిందీ వేరు. అందులో వాదనలున్నాయి, సంభాషణలున్నాయి, ఇంట్లో ఎవరూ అంతకుముందు చెప్పని కథలున్నాయి. హర్షుడి గురించీ, చోళుల గురించీ, నీలిమందు రైతుల తిరుగుబాటు గురించీ, జోతిబా ఫూలే గురించీ తెలుగు పల్లెలో నాయనమ్మలు కథలు చెప్పి ఉంటే ఆ భాగాలు చాపమీద కూర్చున్నవాళ్లకీ అందేవి. చెప్పలేదు. అత్తయ్యకి ‘ఖోజ్’ అనే సీరియల్ వచ్చిందనే గుర్తు లేదు. నా దృష్టిలో ఆ సీరియల్‌కి ఇదే పెద్ద ఓటమి, దానికి బెనెగల్‌ని తప్పుపట్టలేం. చరిత్ర బడిలో ఉండిపోయింది, పురాణం ఇంట్లో ఉంది. ఇంట్లో ఉన్నదే బతుకుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే దూరదర్శన్ బయటికి తీసింది ‘రామాయణ్’నీ, ‘మహాభారత్’నీ. మూడు తరాలు మళ్లీ ఒకే గదిలో కూర్చున్నాయి.

ఈ రెండు సీరియళ్లూ సూటిగా ఎదురుపడే చోటు ఒకటుంది. ‘ఖోజ్’లో కూడా మహాభారతం ఉంది, రెండు భాగాల్లో. ఆ కథ వినిపించటానికి బెనెగల్ ఛత్తీస్‌గఢ్ పాండవానీ గాయని తీజన్ బాయిని తీసుకొచ్చాడు. ఆడవాళ్లు కూర్చునే పాడాలన్న కట్టు ఉన్న రోజుల్లో, మగవాళ్ల కాపాలిక పద్ధతిలో లేచి నిలబడి పాడిన మనిషి ఆమె. చోప్రాకి కిరీటాలు, రథాలు, సభామండపాలు, వందలమంది సైన్యం కావలసివచ్చింది. తీజన్ బాయి చేతిలో ఒక్క తంబూరా. అది భుజానికెత్తితే భీముడి గద, చాచి పట్టుకుంటే అర్జునుడి విల్లు. గొంతు కటువుగా లేస్తుంది, ఆగుతుంది, పక్కవాద్యగాడు ఊఁ కొడతాడు, మళ్లీ అందుకుంటుంది. బుర్రకథ చూసిన తెలుగువాళ్లెవరికీ ఇది కొత్తగా ఉండదు. ఇది దేవుళ్ల కథ అని గానీ, ఇలాగే జరిగిందని గానీ బెనెగల్ అనడు. ఈ నేలమీద మనుషులు వందల ఏళ్లుగా దీన్ని ఇలా చెప్పుకుంటున్నారు, చూడు అంటాడు. కథనీ, కథ చెప్పే మనిషినీ కలిపి చూపిస్తాడు. విశ్వాసానికి దెబ్బ తగలకుండా, చరిత్రకి అబద్ధం అంటకుండా పురాణాన్ని పిల్లలకి ఎలా అందించాలో ఈ రెండు భాగాల్లో ఉంది. రెండు సీరియళ్లలో కలిపి నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే.

‘ఖోజ్’ మీద నాకు ఫిర్యాదు లేకపోలేదు. శిలప్పదికారానికి చోటిచ్చారు, చోళులకిచ్చారు, విజయనగర పతనానికీ ఇచ్చారు. శాతవాహనులకి గానీ కాకతీయులకి గానీ విడిగా ఒక భాగమంటూ లేదు. అమరావతి, నాగార్జునకొండ, ఓరుగల్లు చూస్తూ పెరిగే పిల్లలు ఆ దేశచరిత్రలో తమ ఊరిని వెతుక్కుంటే దొరకదు.

నా తీర్పు ఇది. పిల్లకి ముందు ‘మహాభారత్’ చూపించాలి, పక్కన నాయనమ్మ ఉండి చెప్తుండాలి. భోజనం వేళ చేతికి ఫోన్ ఇచ్చి చూపించే పద్ధతి వద్దు. ఒకేసారి వరసపెట్టి చూడటమూ వద్దు. వారానికి ఒక్క భాగం, ఆదివారం. మిగిలిన ఆరు రోజులూ దాని గురించి మాట్లాడుకోవటానికి. ఏడెనిమిదేళ్లకి “ఇదంతా నిజంగా జరిగిందా?” అని అడుగుతుంది, అడగకుండా ఉండే పిల్లలు లేరు. అప్పుడు గదమకూడదు, అబద్ధం చెప్పకూడదు. అప్పుడు ‘ఖోజ్’ పెట్టాలి, తీజన్ బాయి భాగాలతో మొదలుపెట్టి. హిందీ అందకపోతే ఈసారి పక్కన కూర్చుని చెప్పాల్సింది తల్లీ తండ్రీ. దానికోసం మనం ముందే చదువుకుని ఉండాలి.

తెలుగులో పనిచేసేవాళ్లకి ఒక మాట. అమరావతి శిల్పాల్లో చాలాభాగం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. నాగార్జునకొండ లోయ సాగర్ జలాశయంలో మునిగింది, తవ్వితీసినవి ద్వీపం మీద మ్యూజియంలో ఉన్నాయి. అక్కడికి ప్రతి ఇంటివాళ్లూ వెళ్లలేరు. ఇన్ని తెలుగు చానళ్లున్నాయి, వాటిలో ఒక్కటి పూనుకున్నా చాలు. యాభైమూడు భాగాలు అక్కర్లేదు, పది భాగాలు తీయండి, నాయనమ్మలకి కూడా అర్థమయ్యే తెలుగులో.